వేళ్ళతో గుండె చప్పుడు తెలుసుకున్న డాక్టరమ్మ

హెలెన్ టాసిగ్ గారు 1898లో అమెరికాలోని కేంబ్రిడ్జ్ లో పుట్టారు. చిన్నప్పుడు ఆమెకి చదవడం చాలా కష్టమయ్యేది. పదకొండేళ్ళకే వాళ్ళమ్మ క్షయతో చనిపోయింది. నాన్న ప్రొఫెసరు. ఆయనే ఓపిగ్గా కూర్చోబెట్టుకుని చదివించాడు. మా ఇంట్లో చదువు వచ్చింది నాకే మొదలు, అందుకే ఈ సంగతి నాకు బాగా నచ్చింది.

అప్పుడు హార్వర్డ్ లో ఆడవాళ్ళకి డాక్టరు పట్టా ఇచ్చేవాళ్ళు కాదు. ఆమె ఊరుకోలేదు. బాల్టిమోర్ వెళ్ళి జాన్స్ హాప్కిన్స్ లో చదివి 1927లో డాక్టరయ్యారు. 1930లో అక్కడే పిల్లల గుండె జబ్బుల క్లినిక్ కి పెద్ద అయ్యారు. తర్వాత చెవులు సరిగ్గా వినపడలేదు. మరి గుండె చప్పుడు ఎట్లా తెలిసేది? పిల్లల రొమ్ము మీద వేళ్ళు పెట్టి తెలుసుకునేవారు.

కొందరు పిల్లలు ఒళ్ళు నీలంగా మారి చనిపోయేవారు. వాళ్ళ ఊపిరితిత్తులకి రక్తం చాలడం లేదని ఆమె గ్రహించారు. రక్తానికి ఇంకో దారి వెయ్యమని సర్జన్ బ్లాలాక్ ని అడిగారు. వివియన్ థామస్ అనే నల్లజాతి ఆయన ఆ పద్ధతిని ముందు కుక్కల మీద చేసి చూశాడు. 1944 నవంబరు 29న ఒక పాపకి ఆపరేషన్ చేశారు. ఆ పాప కొన్ని నెలలే బతికింది. కాని తర్వాత వేలమంది పిల్లలు బతికారు. టాసిగ్ గారు 1986లో చనిపోయారు.

మన హాస్టల్లో చదవడానికి తడబడే చెల్లెళ్ళని చూసి ఎవ్వరూ నవ్వకండి. పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. నేనూ చదివిస్తాను.