గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

పంతులుగారు మన అరసవల్లి ప్రాంతమువారే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడి పాఠశాలయందు ఉపాధ్యాయులైరి.

అచ్చటి కొండలలోని సవరబాలురకు తమ భాషలో చదువదగిన పుస్తకములు లేవు. పంతులుగారు తెలుగు నెఱిగిన సవరనొకని ఇంటనుంచుకొని, ఏండ్లతరబడి ఆ భాష నేర్చి, సవరల కథలను పాటలను కూర్చి వాచకములు వ్రాసిరి. మద్రాసు ప్రభుత్వమువారు పారితోషికమీయబూనగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి.

1907 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారి యేట్సుదొర, వాడుక తెలుగునకును పుస్తకముల తెలుగునకును ఇంత అంతరమేల యని ప్రశ్నించెను. తెలుగుబాలురును పాఠమును వల్లించుచున్నారేగాని గ్రహించుట లేదని పంతులుగారు తలచిరి. వాచకములు వాడుకభాషలో నుండవలెనని పోరాడి, 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించిరి. గ్రాంథికవాదుల వ్రాతలలోని తప్పులనే యెత్తిచూపెడివారు. (ఈ వ్యాసపు తీరు వారికి రుచించియుండదు!) 1940 జనవరి 22న గతించిరి, అంతకు వారముముందు పత్రికాసంపాదకులకు చేసిన తుదివిన్నపమును వాడుకభాషను గూర్చియే.