కంది వేరులో దొంగను పట్టిన బట్లర్

పోయిన ఏడాది మా కంది చేను పూత మీద ఎండిపోయింది. మా అయ్య పూర్తిగా ఎండిన మొక్క ఒకటి కోసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి పరీక్షకు ఇచ్చి వచ్చాడు. చాలా రోజులకి కాగితం వచ్చింది. ఏవేవో బూజులు ఉన్నాయి, కారణం తేల్చలేము అని దాని సారాంశం. బస్సు ఛార్జీలు దండగ. ఆ కోపంతో నేను సైన్సు సారుని అడిగితే ఆయన బట్లర్ గురించి చెప్పారు.

ఎడ్విన్ జాన్ బట్లర్ 1874లో ఐర్లాండులో పుట్టాడు. అంతకు ముందే, 1845 నుంచి, ఆ దేశంలో బంగాళాదుంపకు తెగులు సోకి సుమారు 10 లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. బట్లర్ చదివింది డాక్టరీ. కానీ 1901లో మన దేశం వచ్చి మొక్కల జబ్బులు చూడడం మొదలెట్టాడు. 1905 నుంచి బీహారులోని పూసాలో పనిచేశాడు. మన గోదావరి డెల్టాలో తాటిచెట్లకు వచ్చిన మొవ్వు కుళ్లు తెగులును పరిశోధించి, దాని బూజుకు 1907లో పేరు పెట్టింది ఆయనే. మొవ్వు పోయిన తాడి ఇక లేవదని మనకి తెలిసిందే కదా.

నాకు బాగా నచ్చింది మాత్రం కంది సంగతి. ఎండిన కంది వేళ్ల మీద ఒక బూజు కనిపించేది. అమెరికాలో ఎర్విన్ స్మిత్ అనే పెద్ద శాస్త్రవేత్త పత్తి ఎండు తెగులుకి ఆ బూజే కారణమని అప్పటికే రాసి ఉన్నాడు. అంత పెద్దాయన రాశాక ఇంకెవరైనా సరేనని ఊరుకునేవారు. బట్లర్ ఊరుకోలేదు. ఆ బూజుని విడిగా పెంచి, బాగున్న కంది మొక్కలకు అంటించి చూశాడు. మొక్కలకు ఏమీ కాలేదు! అది చచ్చిన వేళ్ల మీద చేరి బతికేది మాత్రమే. అసలు దొంగ ఇంకో బూజు. అది మొక్క లోపల, నీళ్లు పైకెక్కే గొట్టాల్లో దాక్కుంటుంది. 1910లో దానికి ఫ్యుజేరియం ఉడమ్ అని పేరు పెట్టాడు. ఇప్పటికీ అదే పేరు.

మా అయ్య ఇచ్చింది చచ్చిన మొక్క. అందులో దొంగ కన్నా తరవాత చేరినవాళ్లే ఎక్కువ! పైగా ప్లాస్టిక్ సంచిలో చెమ్మకి కుళ్లింది. సగం వాడిన మొక్కని వేళ్లతో సహా తవ్వి, పాత పేపర్లో చుట్టి, వీలైతే ఆ రోజే ఇవ్వాలట. ఎప్పట్నుంచి వాడుతోందో, పోయినేడు ఆ చేలో ఏం వేశారో చీటీ రాసి పెట్టాలట. బెరడు గీరితే నల్లటి చార కనపడితే అదీ రాయాలి.

బట్లర్ 1918లో మొక్కల జబ్బుల మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. తరవాత ఇంగ్లండు వెళ్లి, 1943లో చనిపోయాడు.

మొన్న ఆదివారం అయ్య హాస్టలుకి వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. ఈ ఏడు కూడా చేలో ఒక మొక్క తల వాల్చిందట. తవ్వేటప్పుడు నన్ను రమ్మన్నాడు, చీటీ నేనే రాయాలి. వార్డెన్ సార్, ఒక్క రోజు సెలవు ఇప్పించండి.