కొమురం భీం

ఆదిలాబాదు అడవులు ఒకప్పుడు గోండు రాజుల ఏలుబడిలో ఉండేవి. ఆ రాజ్యాలు అంతరించిన తరువాత అవి నిజాం సంస్థానంలో భాగమయ్యాయి. బ్రిటిష్ ఇండియాలోని అటవీ చట్టాల బాటలోనే నిజాం ప్రభుత్వం కూడా అడవులను తన అధీనంలోకి తీసుకొన్నది. పోడు సాగు నేరమైంది. పశువుల మేతకూ, వంటచెరకుకూ సుంకం కట్టవలసి వచ్చింది. బయటి నుండి వచ్చినవారు పట్టాలు పొందారు. తరతరాలుగా నేల దున్నిన గోండులు మాత్రం తమ భూమిలోనే ఆక్రమణదారులయ్యారు.

అటువంటి కాలంలో, 1901వ సంవత్సరంలో ఆసిఫాబాదు సమీపంలోని సంకేపల్లిలో కొమురం భీం జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకొన్నాడు. తన కుటుంబం సాగుచేసిన పొలాన్ని సిద్దిఖ్ అనే భూస్వామి కాజేయబోగా ఘర్షణ జరిగింది. ఆ ఘర్షణలో సిద్దిఖ్ మరణించాడు. భీం చాందాకు, అక్కడి నుండి అస్సాం తేయాకు తోటలకు వెళ్ళాడని, ఆ ప్రవాసంలోనే చదవడం, రాయడం నేర్చుకొన్నాడని చెబుతారు.

తిరిగి వచ్చిన భీం జోడేఘాట్ పరిసరాలలోని పన్నెండు గూడేల ప్రజలను కూడగట్టాడు. నీరు, అడవి, భూమి తమవేనని చాటాడు. భూములకు పట్టాలిస్తామని అధికారులు రాయబారం పంపినా అతడు తృప్తి చెందలేదని ప్రతీతి. కేవలం పట్టా పుచ్చుకొంటే, నేలపై హక్కు ప్రభుత్వం దయతో ఇచ్చినదే అవుతుంది. అందుకే గూడేలపై స్వపరిపాలనాధికారం కోరాడు. ప్రభుత్వం అందుకు అంగీకరించలేదు. 1940లో జోడేఘాట్ కొండపై పోలీసుల తుపాకులకు భీం, అతని అనుచరులు పలువురు బలయ్యారు.

ఆ తిరుగుబాటు ప్రభుత్వాన్ని ఆలోచింపజేసింది. దాని కారణాలను తెలుసుకొనేందుకు నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సహాయం తీసుకొన్నది. ఆయన కృషి ఫలితంగా అనేక గోండు కుటుంబాలకు పట్టాలు లభించాయి. మార్లవాయిలో గోండి భాషలో చదువు చెప్పే బడి వెలసింది.

ప్రభుత్వ దృష్టిలో భీం శాంతిభద్రతలకు భంగం కలిగించినవాడు. గోండుల దృష్టిలో అతడు తమ వీరుడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు వారు జోడేఘాట్‌లో అతనికి నివాళులర్పిస్తారు. గూడేలలో నిలిచిన ఆ స్మృతికి కరీంనగర్ జిల్లా రచయితలు సాహు, అల్లం రాజయ్య 1983లో నవలారూపమిచ్చారు. దానితో అడవి బిడ్డల చరిత్ర తెలుగు పాఠకులందరికీ చేరువైంది. 2016లో ఏర్పడిన ఆసిఫాబాదు జిల్లాకు కొమురం భీం పేరే పెట్టారు. ఒకనాడు తన పొలంపై హక్కు లేదనిపించుకొన్నవాని పేరు నేడు ఆ ప్రాంతపు ప్రతి భూమి పత్రంపైనా కనిపిస్తున్నది.