చిత్రకారుడు దామెర్ల రామారావు గారు

దామెర్ల రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. చిన్నప్పటి నుంచి ఆయనకి బొమ్మలంటే ప్రాణం. ఆ ఊరి కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర గారు ఆ బొమ్మలు చూసి సంతోషించారు. 1916లో ఆయన్ని బొంబాయిలోని జె.జె. చిత్రకళా పాఠశాలకు పంపించారు.

ఆయన గీసిన బొమ్మల్లో పేరుపొందినది ఋష్యశృంగ బంధనం. దానికి 1922లో కలకత్తాలో వైస్రాయి బహుమతి వచ్చింది. ఆ కథ రామాయణంలో ఉంది. అంగదేశంలో వానలు లేక కరువొచ్చింది, మన కొనకనమిట్ల దిక్కు వచ్చినట్టే. ఋష్యశృంగుడు వస్తే వాన కురుస్తుందని రాజుకి పెద్దలు చెప్పారు. ఆయన అడవిలో తండ్రి దగ్గరే పెరిగాడు. ఆడవాళ్ళని ఎప్పుడూ చూడలేదు. తండ్రి లేని సమయం చూసి రాజు పంపిన స్త్రీలు వెళ్ళారు. వాళ్ళు మిఠాయిలు పెడితే పండ్లు అనుకొని తిన్నాడు. వాళ్ళ వెంట పట్నం పోయాడు. వాన కురిసింది. రాజు తన కూతురు శాంతనిచ్చి పెళ్ళి చేశాడు.

మిత్రులారా, ఈ కథ చదివితే నాకు మా గూడెం గుర్తొచ్చింది. నేనూ అడవిలో నుంచి వచ్చినదాన్నే. హాస్టల్లో చేరిన రోజు నాకూ అన్నీ వింతగానే ఉండినాయి. అయితే ఋష్యశృంగుణ్ణి మాయచేసి తీసుకుపోయారు. వాళ్ళ నాయనకి ఒక్క మాట కూడా చెప్పలేదు. నన్ను మాత్రం మా అమ్మే చెయ్యి పట్టుకొని తెచ్చి, చదువుకోమని చేర్పించి పోయింది.

రామారావు గారు బొంబాయిలో ఉండిపోలేదు. సొంత ఊరికి తిరిగి వచ్చి, 1923లో రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టి, పిల్లలకి బొమ్మలు నేర్పారు. వరదా వెంకటరత్నం గారు, అడవి బాపిరాజు గారు ఆయన స్నేహితులు.

కానీ ఆయనకి మశూచి సోకింది. మా గూడెంలో దాన్ని అమ్మవారు అంటారు. 1925 ఫిబ్రవరి 6న చనిపోయారు. అప్పటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. టీకాల వల్ల ఆ జబ్బు ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. అందుకే టీకా అంటే భయపడి దాక్కోకూడదు.

రాజమండ్రిలో ఆయన పేరుతో చిత్రశాల ఉంది. ఆయన బొమ్మలు అక్కడ చూడవచ్చు. ఆయన బతికింది కొద్ది కాలమే. అయినా నేర్చుకున్నది సొంత ఊరికి తెచ్చి పంచిపెట్టారు. మనం కూడా బాగా చదువుకొని మన గూడేలకి తిరిగి పోవాలి. అక్కడి పిల్లలకి నేర్పాలి. నేను అట్లాగే చేస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని