శ్రీమతి లారా ఇంగల్సు వైల్డరుగారి జీవితము

గొప్పవారి చరిత్రములనగా రాజులయు, సేనానులయు చరిత్రములే యని మన విద్యార్థులు తలంచుచుందురు. అడవిలో పుట్టి, పొలములో పాటుపడి, 65 ఏండ్ల ప్రాయమున తన బాల్యమును కథగా ప్రకటించి, లెక్కకు మిక్కిలియగు బాలబాలికల ప్రేమను చూరగొన్న యొక సామాన్య గృహిణి చరిత్రమును మేమీ సంవత్సరము మా చదువరుల యెదుట నుంచుచున్నాము.

లారా 1867 సం. ఫిబ్రవరి 7వ తేదీన అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, పెపిన్ గ్రామ సమీపమున, దుంగలతో కట్టిన యింట జన్మించెను. తండ్రి చార్లెసు ఇంగల్సు వేటయందును వడ్రంగమునందును నేర్పరి. పగలెల్ల కష్టించి రాత్రివేళ ఫిడేలు వాయించి బిడ్డల నలరించుచుండెను. తల్లి కారొలైను వివాహమునకు పూర్వము ఉపాధ్యాయిని. కావున ఎన్ని యూళ్లు మారినను బిడ్డల చదువును, దైవభక్తిని మారనీయలేదు. మేరీ లారాకు అక్క. కారీ, గ్రేసు చెల్లెండ్రు. ఒక తమ్ముడు తొమ్మిది నెలల ప్రాయముననే 1876 సం.న మరణించెను.

తండ్రికి పడమటి దేశపు క్రొత్త భూములపై మక్కువ మెండు. 1869 సం.న ఆ కుటుంబము గూడుబండిలో కాన్సాసు మైదానమున కేగి, యచట నిల్లు కట్టుకొనెను, 1871 సం.న మరల విస్కాన్సిన్ చేరెను. 1874 సం.న మిన్నెసోటాలోని వాల్నట్ గ్రోవు గ్రామమునకు పోయిరి. అచటి క్రైస్తవ సంఘమును స్థాపించిన వారిలో లారా తల్లిదండ్రులును ఉండిరి. కాని కోతకు వచ్చిన గోధుమచేలను మిడుతల దండు నాశనము చేసెను. 1879 సం.న మేరీ జ్వరపడి, 14వ యేట రెండు కన్నులను గోల్పోయెను. నాటినుండి లారాయే అక్కకు కన్నులాయెను. తాను చూచిన ప్రతి వస్తువును మాటలతో వర్ణించి చెప్పుచుండెను. ఆమె రచనలలోని స్పష్టతకు ఈ సేవయే తొలి శిక్షణ యని మా యభిప్రాయము.

అదే సంవత్సరమున వారు డకోటా ప్రాంతమునకు తరలిరి. డి స్మెట్ పట్టణమున 1880-81 శీతకాలము మిగుల ఘోరముగా నుండెను. మంచు తుపానులచే నెలల తరబడి రైళ్లు నిలిచిపోయెను. జనులు ఎండుగడ్డిని మెలిపెట్టి వంటచెరకుగా వాడిరి. గోధుమలను కాఫీమరలో విసరి రొట్టె చేసికొనిరి. వసంతమువరకు బండి రాలేదు.

16 ఏండ్లు నిండకమునుపే లారా ఉపాధ్యాయినియై, యింటికి దూరమున గ్రామపాఠశాలలో బోధించెను. 1881 సం.న అయోవాలోని యంధుల కళాశాలలో చేరిన మేరీ ఖర్చులకు చెల్లెలి సంపాదన కొంత తోడ్పడెను, 1889 సం.న మేరీ యచట పట్టము నొందెను.

1885 సం.న లారా ఆల్మాంజో వైల్డరు అను రైతును పెండ్లాడెను. మరుసటి సంవత్సరము రోజు అను కుమార్తె పుట్టెను. తరువాతి యేండ్లు యోబు భక్తుని దినములవలె గడచెను. 1888 సం.న డిఫ్తీరియా వ్యాధిచే భార్యాభర్తలు మంచమెక్కిరి. భర్త కాళ్లకు పక్షవాతపు టవలక్షణము మిగిలెను. 1889 సం.న పుట్టిన కుమారుడు కొలది దినములకే మరణించెను. పిమ్మట ఇల్లు కాలిపోయెను. అనావృష్టిచే పంటలు పోయెను. 1894 సం.న వారు ఆరు వారములకు పైగా బండిలో ప్రయాణించి, మిస్సోరీలోని మాన్సుఫీల్డు చేరి, రాళ్లమయమగు భూమిని కొని, సంవత్సరముల శ్రమచే దానిని మంచి తోటగా మార్చిరి.

ఈమె 1911 సం. మొదలు రైతుల పత్రికకు వ్యాసములు వ్రాసెను. 1929 సం. ఆర్థిక సంక్షోభమున కుటుంబము దాచుకొన్న ధనము పోయెను. అప్పు డామె తన బాల్యస్మృతులను వ్రాయబూనెను. కుమార్తె రోజు, తానును రచయిత్రి గావున, వానిని దిద్దుటలో విశేషముగా తోడ్పడెను. 1932 సం.న మొదటి పుస్తకమును, 1943 సం.న ఎనిమిదవదియు వెలువడెను. 1949 సం.న భర్త గతించెను, 1957 సం. ఫిబ్రవరి 10వ తేదీన, 90 ఏండ్లు నిండిన మూడవనాడు, ఆమెయు పరలోకప్రాప్తి నొందెను.

ఈ గ్రంథములను బాలురకు చదివి వినిపించు మనము ఒక సంగతిని మరుగుపరచరాదు. ఇంగల్సు కుటుంబము కాన్సాసులో ఇల్లు కట్టిన నేల ఓసేజి జాతివారిది. దానిపై వలసవారికి హక్కు లేదు. 1870 సం. చట్టముచే ఓసేజీలే యా నేల విడిచి దక్షిణమునకు పోవలసివచ్చెను. ఆ జాతివారిని గూర్చి పుస్తకమున కొన్ని కఠినపు మాటలున్నవి. ఆదిమవాసులుండిన చోట మనుష్యులే లేరను భావము గల వాక్యమును 1952 సం.న చదువరి యొకరు ఎత్తిచూపగా, రచయిత్రి తన తప్పిదము నంగీకరించి, మరుసటి ముద్రణమున దానిని దిద్దించెను. మిగిలిన మాటలట్లే యుండుటచే, ఆమె పేర నుండిన బాలసాహిత్య బహుమానమునకు 2018 సం.న పేరు మార్చిరి.

కావున ఆమె పుస్తకములను పారవేయవలెనా? వలదని మా తలంపు. తల్లిదండ్రుల యోర్పును, అక్కయెడల చెల్లెలి ప్రేమను మనము వానినుండి నేర్చుకొనవలసినదే. అయితే ఇంటి ముంగిట నిలిచిన ఓసేజి తల్లికిని బిడ్డలుండిరని, ఆమెకును ఆకలియు దుఃఖమును గలవని చదువుచునే తలపోయవలెను. పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞ చదువుటయందును వర్తించును. విద్యార్థులారా! మీ యవ్వ తాతల కథల నడిగి వ్రాసికొనుడు. ఆ కథలలో ఎవరి పేరు చెప్పబడలేదో దానినికూడ నడుగుడు.