రోల్ఫ్ సీవర్ట్

రోల్ఫ్ మాక్సిమిలియన్ సీవర్ట్ (మే 6, 1896 - అక్టోబర్ 3, 1966) స్వీడన్ దేశానికి చెందిన వైద్య భౌతిక శాస్త్రవేత్త. రేడియేషన్‌తో చికిత్స చేసే ఆసుపత్రులలో రోగికే కాక సిబ్బందికి సోకే రేడియేషన్‌ను కూడా కొలవాలని, దానికి హద్దు ఉండాలని కృషి చేసినవారిలో ఈయన ముఖ్యుడు. రేడియేషన్ మోతాదును కొలిచే అంతర్జాతీయ ప్రమాణానికి ఈయన పేరు పెట్టారు.

బాల్యం, విద్య

సీవర్ట్ స్టాక్‌హోం నగరంలో జన్మించాడు. తండ్రి మాక్స్ సీవర్ట్ జర్మనీ నుండి వచ్చి స్వీడన్‌లో విద్యుత్తు కేబుళ్ళ కర్మాగారం నెలకొల్పిన పారిశ్రామికవేత్త. సీవర్ట్ ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. కలిగిన కుటుంబం కావడంతో జీతం కోసం చూడకుండా తనకు నచ్చిన పనిని ఎంచుకోగలిగాడు.

రేడియంహెమ్మెట్‌లో పరిశోధన

1920 ప్రాంతంలో ఈయన స్టాక్‌హోంలోని రేడియంహెమ్మెట్ అనే క్యాన్సర్ చికిత్సాలయంలో చేరి, తొలి రోజులలో జీతం లేకుండానే పనిచేశాడు. 1924లో అక్కడి భౌతిక శాస్త్ర ప్రయోగశాలకు అధిపతి అయ్యాడు. ఆ కాలంలో రేడియం గొట్టాలను సర్దడం, రోగికి అమర్చడం, తిరిగి తీయడం అంతా చేతిపని. చర్మం ఎంత కందిపోయిందో చూసి మోతాదును అంచనా వేసేవారు. వేళ్ళు మాడినవారు, రక్తహీనత పాలైనవారు వైద్య సిబ్బందిలో పలు దేశాలలో ఉండేవారు.

సీవర్ట్ ఇటువంటి అంచనాల స్థానంలో కొలతను తెచ్చాడు. ఈయన రూపొందించిన సీవర్ట్ ఛాంబర్ ఒక చిన్న అయనీకరణ పాత్ర. దానిని ముందుగా విద్యుదావేశపరుస్తారు. రేడియేషన్ తగిలినప్పుడు లోపలి గాలి అయనీకరణం చెంది ఆవేశం తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూస్తే ఎంత రేడియేషన్ తగిలిందో తెలుస్తుంది. పరికరాలను వెంట తీసుకొని వివిధ పట్టణాల ఆసుపత్రులకు వెళ్ళి ఎక్స్‌రే యంత్రాలను సరిచూసే ఏర్పాటు కూడా చేశాడు. పరిశోధన వ్యాసాల కంటే ఈ తిరుగుడే సిబ్బందికి ఎక్కువ మేలు చేసిందనవచ్చు.

నియమాలు, చట్టం

1928లో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ రేడియాలజీ మహాసభ ఎక్స్‌రే, రేడియం రక్షణకు ఒక సంఘాన్ని ఏర్పరచింది. సీవర్ట్ అందులో సభ్యుడు. అప్పటికి మోతాదుకు అంకె రూపంలో పరిమితి లేదు. రోజుకు ఏడు గంటలకు మించని పని, వారానికి ఐదు రోజులు, ఏడాదికి ఒక నెల సెలవు - ఇవే నాటి రక్షణలు. 1934లో రోజుకు 0.2 రాంట్‌జెన్ అనే పరిమితి వచ్చింది. 1941లో స్వీడన్ చేసిన రేడియేషన్ రక్షణ చట్టం వెనుక సీవర్ట్ కృషి ఉంది. ఈయన 1956 నుండి 1962 వరకు అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. అణుబాంబు పరీక్షల ధూళి గురించి ప్రపంచం ఆందోళన చెందుతున్న రోజులలో, ఐక్యరాజ్య సమితి నియమించిన శాస్త్రీయ సంఘానికి 1958-60 మధ్య అధ్యక్షత వహించాడు.

మరణం, సీవర్ట్ ప్రమాణం

సీవర్ట్ 1966లో స్టాక్‌హోంలో మరణించాడు. రేడియోధార్మిక ట్రేసర్ల పద్ధతికి ఆద్యుడైన హెవెసీ కూడా అదే సంవత్సరం జూలైలో మరణించాడు. 1979లో సీవర్ట్ పేరు ప్రమాణంగా స్వీకరించబడింది. ఒక సీవర్ట్ 100 రెమ్‌లకు సమానం. ఆచరణలో దానిలో వెయ్యవ వంతైన మిల్లీసీవర్ట్‌నే వాడతారు.

క్యాన్సర్ ఏ గ్రంథికి పాకిందో తెలుసుకోవడానికి నేడు టెక్నీషియం-99ఎం (అర్ధజీవితం 6 గంటలు), ఫ్లోరిన్-18 (110 నిమిషాలు) వంటి ట్రేసర్లను వాడుతున్నారు. ఎక్స్‌రే యంత్రాన్ని ఆపివేయవచ్చు, కాని ట్రేసరు ఎక్కించిన రోగే కొన్ని గంటలపాటు రేడియేషన్ మూలంగా ఉంటాడు. అందువలన మందును సిరంజిలో నింపే సాంకేతిక నిపుణుడు, ఎక్కించే నర్సు జాగ్రత్తపడాలి. ఫ్లోరిన్-18 కిరణాలను ఎక్స్‌రే గదిలో తొడిగే పలుచని సీసపు ఆప్రాన్ అంతగా ఆపలేదు. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు తగ్గుతుంది.

భారతదేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నియమం ప్రకారం సిబ్బందికి వరుసగా ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 మిల్లీసీవర్ట్‌లు పరిమితి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుండి క్యాన్సర్ రోగులు చికిత్సకు వెళ్ళే హైదరాబాదు ఆసుపత్రులకూ, ఆ ప్రాంతాలలోని ఎక్స్‌రే గదులకూ ఇదే వర్తిస్తుంది. సిబ్బంది ఛాతీ దగ్గర ధరించే టి.ఎల్.డి. బ్యాడ్జిని నిర్ణీత కాలానికి ఒకసారి ప్రయోగశాలకు పంపి లెక్క కడతారు. బ్యాడ్జిని బీరువాలో వదిలి పనిచేస్తే ఆ లెక్కలో సున్నాయే కనిపిస్తుంది. నోటి ద్వారా, శ్వాస ద్వారా లోపలికి పోయిన రేడియోధార్మిక పదార్థాన్ని బ్యాడ్జి సరిగా చూపలేదు. ట్రేసర్లు తయారుచేసే గదిలో తినడం, తాగడం నిషేధించడానికి ఇది ఒక కారణం.