ఆమె సాక్ష్యం, మన కానుకలు

ఏటా ఏప్రిల్ 24న ఆర్మేనియన్లు 1915 మారణకాండలో హతమైన తమవారిని జ్ఞాపకం చేసుకుంటారు. మన సంఘ ప్రార్థనల్లో వారి ఊసు అరుదు. క్రైస్తవ్యాన్ని రాజ్యమతంగా మొదట స్వీకరించిన జనాంగమని వేదాంత కళాశాలలో చదివాం, పరీక్ష వ్రాసి మరచిపోయాం. ఈ వారం వారిలో ఒక బాలికను గూర్చి వ్రాస్తున్నాం.

ఆమె పేరు అర్షలూయిస్ మార్డిగియన్. అర్షలూయిస్ అంటే ఉదయపు వెలుగు. 1901లో ఒట్టోమన్ సామ్రాజ్యంలోని చెమిష్‌గెజెక్ పట్టణంలో కలిగిన ఇంట పుట్టింది. 14వ యేట ఆ ఇల్లు లేకుండా పోయింది. పురుషులను వేరుచేసి చంపారు, స్త్రీలను పిల్లలను ఎడారి వైపు నడిపించారు. త్రోవలో తనవారి చావులు కళ్ళారా చూసింది. ఆమెను ఎత్తుకుపోయారు, సంతలో అమ్మారు, దాసిగా ఉంచారు. పారిపోయింది, చిక్కింది, మళ్ళీ పారిపోయింది. రష్యా మీదుగా 1917లో న్యూయార్క్ చేరింది.

ఇక్కడితో ఆపితే మన సాక్ష్యకూటాలకు సరిపోయే కథే. కానీ ఆపలేం.

అన్న కోసం వేయించిన పత్రికా ప్రకటనలు చూసి హార్వీ గేట్స్ అనే రచయిత వచ్చాడు. ఆయనా భార్యా ఆమెకు సంరక్షకులయ్యారు, పేరును అరోరాగా మార్చారు. 1918లో పుస్తకం వచ్చింది. 1919లో సినిమా వచ్చింది. అందులో ఆమె చేత ఆమె పాత్రే వేయించారు, వారానికి 15 డాలర్లకు. మొదటిరోజు ఎర్ర టోపీల నటులను చూసి, తనను మళ్ళీ తురుష్కులకు అప్పగిస్తున్నారని వణికిపోయింది. చిత్రీకరణలో చీలమండ విరిగినా పని ఆగలేదు. అమ్మాయిలను సిలువలపై వేలాడదీసిన దృశ్యం ఆ సినిమాలో ప్రసిద్ధం. నిజంగా జరిగింది అంతకంటే ఘోరమని, తెరపై చూపలేనిదని ముసలితనంలో ఆమె చెప్పింది. ప్రేక్షకులు తట్టుకోగలిగినది సిలువ వరకే.

ప్రత్యేక ప్రదర్శనలకు టిక్కెట్టు 10 డాలర్లు. ఊరూరా తిప్పగా ఆమె కుప్పకూలింది. అప్పుడు ఆమె పోలికగల ఏడుగురు అమ్మాయిలను పెట్టి యాత్ర కొనసాగించారు.

ఆ డబ్బు వృథా కాలేదు, అది కూడా చెప్పాలి. నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే సహాయసంస్థ లక్షా 32 వేల మంది అనాథలను ఆదుకుంది. వారిలో కొందరికి అన్నం పెట్టింది ఈ పిల్ల కన్నీళ్ళే. అందుకే తీర్పు చెప్పడం మాకు కష్టంగా ఉంది. మేమూ వెట్టి నుండి విడిపించబడిన వారిని వేదిక ఎక్కించి మైకు ఇచ్చినవాళ్ళమే. వారు ఏడ్చిన రోజున కానుక సంచి బరువెక్కడం చూశాం. ఆ రాత్రి వారికి నిద్ర పట్టిందో లేదో మర్నాడు వెళ్ళి అడిగిన జ్ఞాపకం లేదు.

అరోరా తరువాత పెళ్ళి చేసుకుంది, ఒక కొడుకును కన్నది. 1994 ఫిబ్రవరి 6న లాస్ ఏంజెల్స్‌లో కన్నుమూసింది. అస్థికల కోసం ఎవరూ రాలేదు. అడిగేవారు లేని ఇతరుల అస్థికలతో కలిపి కౌంటీ వారే ఒకే గుంటలో పాతిపెట్టారు.